మూడు ఆఫీసుల మధ్య కళాయి గుంత

మా ఆఫీసులో నాకు రెండు బల్లలు, ఒక కుర్చీ. కిటికీ పక్క బల్ల పారిశుధ్యానిది, గోడ పక్క బల్ల ఆక్రమణలది. ఎడమకు తిరిగితే ఊరి ఆరోగ్యం నా చేతిలో ఉండేది, కుడికి తిరిగితే ఊరి హద్దులు. కుర్చీకి ఒక కాలు పొట్టి కాబట్టి ఎటు తిరిగినా ప్రభుత్వం మొత్తం కొంచెం ఊగేది. పద్దెనిమిదేళ్లు అట్లా ఊగాను. ఇప్పుడు ఎవరింట్లోనైనా నాలుగు కాళ్లూ సమంగా ఉన్న కుర్చీ వేస్తే నాకు కళ్లు తిరుగుతాయి.

ఊరి పేరు చెప్పను. భద్రాచలం పోయే బస్సులో, అడవి వచ్చిందని కిటికీ పక్కవాడు సర్దుకుని కూచునే లోపల వచ్చి పోయే ఊరు. అప్పట్లో, అంటే ఎనభైల మొదట్లో, దాన్ని మేజర్ పంచాయతీ అనేవాళ్లు. మేజర్ అయిందని దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరు, నేను, ఒక అటెండరు, ఒక ఇనప బీరువా. బీరువా తలుపు తీస్తే కిర్రుమన్న చప్పుడుకి కల్లూరు సంతలో ఎద్దులు బెదిరేవని మా అటెండరు చెప్పేవాడు. నేను అంత అనను. సత్తుపల్లి దాకా వినపడేదంటే ఒప్పుకుంటాను.

ఉద్యోగంలో చేరిన రోజు, రిటైరై పోతున్న పాత గుమాస్తా నాకు బల్లలు అప్పజెప్పి ఒకే ఒక్క పాఠం చెప్పాడు. "ఎవరు ఏం అడిగినా, ముందు అది మనదా కాదా చూడు నాయనా. మనది కాదని తేలితే సగం పని అయిపోయినట్టే."

"మిగతా సగం సార్?"

"అది ఎవరిదో వాళ్లు చూసుకుంటరు."

ఆ పాఠం మీదే నేను ఈ వయసు దాకా నెట్టుకొచ్చాను. మా ఊళ్లో అధికారం ఎట్లా పంచి ఉండేదో చెప్తే మీకూ నీరసం వస్తుంది, అయినా చెప్పాలి. వీధులు పంచాయతీవి. మెయిన్ రోడ్డు, దాని రెండు పక్కల ఉన్న మట్టి అంచు, రోడ్ల శాఖవి. ఆ రోడ్డు మీద పడ్డ పేడ మాత్రం మాది. ఆ పేడ వేసిన ఎద్దు అడవిలో మేసి వచ్చుంటే ఎద్దు సంగతి అటవీ శాఖ చూసుకోవాలి. వాన నీళ్లు ఆకాశంలో ఉన్నంతసేపు ఎవరివీ కావు. మురిక్కాలవలో పడితే మావి, రోడ్డు మీద నిలబడితే రోడ్ల శాఖవి, కలప డిపోలోకి పారితే అటవీ శాఖవి. ఒక వానాకాలం ఆ నీళ్లలో ఒక చెప్పు కొట్టుకొచ్చి మూడు శాఖలూ తిరిగింది. దాని మీద మూడు ఫైళ్లు నడిచాయని నేను చెప్తే నా భార్య నమ్మదు. రెండు నడిచాయి.

ఈ మూడు రాజ్యాలు కలిసే చోటు ఒకటుండేది, బస్సులు ఆగే చోటుకి కూతవేటు దూరంలో. ముందు మా మురిక్కాలవ, కుడి పక్క రోడ్డు అంచు, వెనక కలప డిపో కంచె. మూడు దేశాలు కలిసే చోట సైన్యాలు మోహరించి ఉంటాయంటారు. మా దగ్గర కళాయి చాచా కూచునేవాడు.

ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము పడుతుంది, తిన్నవాడు దవాఖానాలో పడతాడు. అందుకని గిన్నె లోపల తగరం పూత వేయిస్తారు. అదే కళాయి. చుట్టుపక్కల పాతిక ఊళ్లకు చాచా ఒక్కడే కళాయి వేసేవాడు. యాభై దాటిన మనిషి. కళాయికి చల్లే నవసాగరం పొగకి గడ్డం పసుపు రంగుకి తిరిగింది. పనిముట్లు ఏమున్నాయి? నేలలో మోచేయి లోతు గుంత, అందులో బొగ్గులు, పక్కన మేకతోలు తిత్తి, తిత్తి నుంచి గుంతలోకి మట్టి కింద నుంచి ఒక ఇనప గొట్టం. తిత్తి ఆడించేది ఆయన భార్య. ఊరందరికీ ఆయన చాచా, ఆమె చాచీ. ఆమె తిత్తి నొక్కుతూ మాట్లాడితే మాటలు కూడా నిప్పు రాజేసేవి.

పెద్ద గంగాళం వస్తే మాత్రం అది చూసి తీరాలి. పూత వేసే ముందు లోపల తోమాలి. గంగాళంలో ఇసుక, గుడ్డపీలికలు వేసి, చాచా లోపలికి దిగి, రెండు చేతులతో వెనక ఉన్న కంచె గుంజ పట్టుకుని, నడుము అటూ ఇటూ తిప్పుతూ కాళ్లతో తోమేవాడు. ఆ తిప్పుడుకి బస్సులో ఉన్నవాళ్లు తలలు బయట పెట్టేవాళ్లు. కండక్టర్లు రైట్ రైట్ అనడం మరిచిపోయేవాళ్లు. ఇప్పుడు మీరు గమనించవలసింది ఏమిటంటే, ఆ సమయంలో చాచా గుంత మురిక్కాలవ గట్టు మీద, అంటే పంచాయతీలో. తిత్తి, చాచీ రోడ్ల శాఖలో. చేతులు పట్టుకున్న గుంజ అటవీ శాఖలో. ఒక మనిషి ఒకే పనికి మూడు ప్రభుత్వాలను వాడుకోవడం నా సర్వీసులో అదొక్కటే చూశాను. మేము మూడు శాఖల వాళ్లం కలిసి ఒక్క పని చేయలేకపోయాం.

ఆ ఏడు భద్రాచలం కల్యాణానికి పది రోజులుందనగా టపాలో రెండు ఆర్డర్లు వచ్చాయి. రెండూ పైనుంచే, రెండూ అర్జంటే. మొదటిది: యాత్రికులు దారిలో తిని జబ్బు పడకుండా, హోటళ్లన్నీ ఇత్తడి పాత్రలకు ఏడు రోజుల్లో కళాయి వేయించాలి, వేయించని హోటలు మూసేయాలి. రెండోది: యాత్రికులు పోయే రోడ్డు వెంట ఆక్రమణలన్నీ ఏడు రోజుల్లో తొలగించాలి.

నేను ఎడమకు తిరిగి హోటళ్లకి నోటీసులు రాశాను. కుడికి తిరిగి ఆక్రమణలకి నోటీసులు రాశాను. అదే కలం, అదే కార్బన్ పేపరు. ఈవో గారు అన్నిటి మీద ఒకే ఊపులో సంతకాలు గిలికారు. కుర్చీ ఊగింది. ఎక్కడో తప్పు జరిగిందని నా మెదడుకి అందలేదు. నడుముకి మాత్రం అందినట్టుంది, ఆ సాయంత్రం పట్టేసింది.

మర్నాడు పొద్దున నోటీసులు ఇవ్వడానికి బయల్దేరాను. మొదట బస్సులాగే చోట ఉన్న పెద్ద హోటలు. దాని యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసి, పత్తి పురుగు మీద కోపంతో ఇడ్లీల్లోకి దిగిన రైతు. బందోబస్తుకి వచ్చే సిబ్బంది భోజనాలు కూడా ఆయనకే ఒప్పజెప్పారు. నోటీసు చదివి మీసం దువ్వాడు.

"ఏమండోయ్ గుమాస్తాగారూ, కళాయి వేయించేదేగా. ఎంతసేపు? మన చాచా ఉండనే ఉన్నాడు. అన్నీ ఇవాళే పంపిస్తాను."

"పంపండి," అన్నాను. అంటూ జేబు తడుముకున్నాను. జేబులో రెండో కట్టలో పై కాగితం చాచాదే. అక్కడే, ఆ ఇడ్లీ పొయ్యి ముందే, నాకు విషయం అర్థమైంది. ఏడు రోజుల్లో కళాయి వేయించమని ఊరికి చెప్పాను. ఏడు రోజుల్లో లేచిపొమ్మని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కళాయి మనిషికి చెప్పబోతున్నాను. 

అయినా ఇచ్చాను. నోటీసు రాశాక ఇవ్వకపోతే మళ్లీ ఎందుకు ఇవ్వలేదో రాయాలి.

చాచా కాగితాన్ని తిరగేసి, మరగేసి, ఎండకు పెట్టి చూశాడు. "ఏంది సాబ్ గిది?"

"ఆక్రమణ తొలగించమని నోటీసు చాచా."

"ఏం ఆక్రమణ? దుకాణమా, రేకులా, గోడనా? ఏం కట్టిన నేను?" చుట్టూ చూపించాడు. నిజమే. గుంత, తిత్తి, మొగుడు, పెళ్లాం. 

చాచీ తిత్తి ఆపలేదు. "గుంత ఉంది గద! గుంతనే కూలగొడ్తరు. కూలగొట్టున్రి భయ్యా, ఎట్ల కూలగొడ్తరో నేను గూడ చూస్త. నిచ్చెన తెచ్చుకున్నరా?"

నాకు నవ్వొచ్చింది. చాచాకి రాలేదు. ఆయన గంగాళాల వైపు చూస్తున్నాడు. "సాబ్, ఈ పది దినాలే నాకు సీజను. ఏడాదంత చెంచాలు, లోటాలు వస్తయ్. పెద్ద సామాను గీ పండుగకే వస్తది. ఇంకో జాగ చూపియ్, పోత. ఎవలి ఇంటి ముందట గుంత తవ్వినా పొగ అని తరుముతరు. ఈడ పొగ ఎవలికి తగుల్తది? గా టేకు దుంగలకు."

నేను చుట్టూ చూశాను. ఊరంతా మనసులోనే తిరిగాను. పొగ ఓర్చేది, నీళ్లు పారేది, పట్టుకోను గుంజ ఉన్నది, ఎవరి వాకిలీ కానిది, అటువంటి జాగా ఊరు మొత్తంలో అదొక్కటే. అది మూడు శాఖలు వదిలేసిన మూల కాబట్టే మిగిలింది.

ఆఫీసుకొచ్చి ఈవో గారి ముందు నిలబడ్డాను. ఆయన తణుకు వైపు మనిషి, మా ఊరి ఎండకి ఆయన సగం ఆవిరైపోయి ఉండేవాడు. మిగిలిన సగంతో సంతకాలు పెట్టేవాడు.

"సార్, ఆక్రమణల రూల్లో 'కట్టడం' అని ఉందండి. ఇది గుంత."

"అయితే ఏవిటంటావు?"

"కట్టినదాన్ని పడగొట్టొచ్చు. తవ్వినదాన్ని పడగొట్టలేం కదండీ."

"పూడ్చవయ్యా."

అంత సూటిగా ఆలోచించే అధికారిని నేను అంతకుముందు చూడలేదు. పాత గుమాస్తా పాఠం గుర్తొచ్చింది. "సార్, పూడ్చాలంటే ముందు అది మనదేనా అని తేలాలి. గుంత మన కాలవ గట్టు మీదుంది కానీ గొట్టం రోడ్డు అంచు కింద నుంచి వస్తోంది. రోడ్డు అంచు మనం తవ్వితే వాళ్లు మన మీద రాస్తారు. పోయినేడు కుళాయి గొట్టానికి రాశారు కదండీ."

ఆయన ముఖంలో మిగిలిన సగం కూడా ఆవిరైంది. "ఉత్తరం రాయి," అన్నాడు.

మా లోకంలో ఉత్తరం రాయడం అంటే ప్రాణం పోయడం. రోడ్ల శాఖకి, అటవీ శాఖకి రాశాను: సదరు గుంత తమ పరిధిలోనిదా, కాదా, తెలియజేయ ప్రార్థన. అటువంటి ఉత్తరం ఒకటి అంతకు నాలుగేళ్ల ముందు మురిక్కాలవ మూత గురించి రాస్తే అది ఇంకా ఖమ్మం దారిలోనే ఉంది. దాని వయసు పిల్లలు బడికి పోతున్నారు. చాచా గుంత కనీసం నా రిటైర్మెంటు దాకా బతుకుతుందని లెక్కేశాను.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. తెలివి అనేది దురద లాంటిది, గోక్కునేదాకా ఊరుకోదు. చివర్లో ఇంకో వాక్యం కలిపాను: మూడు శాఖల జాయింట్ ఇన్‌స్పెక్షన్ జరిపి హద్దులు తేల్చుట అవసరము. తేదీ కూడా నేనే వేశాను, కల్యాణానికి అయిదు రోజుల ముందు. ఎందుకంటే ఆ రోజు అధికారులందరూ పండగ డ్యూటీలో ఉంటారు, ఒక్కడూ రాడు, రాలేదు కాబట్టి తేదీ మార్చుకుంటూ పోవచ్చు. మూడు శాఖలు ఒకే రోజు ఒకే చోటికి వచ్చిన దాఖలా మా తాలూకా చరిత్రలోనే లేదు. వరదలప్పుడు కూడా విడివిడిగా వచ్చేవాళ్లు.

పోయి చాచాకి చెప్పాను. "కూచో చాచా. ఫికర్ లేదు. ఉత్తరాలు తిరుగుతున్నయ్."

"ఎన్నడు ఆగుతయ్ సాబ్?"

"ఆగవు."

హోటళ్ల సామాను గుంత పక్కన గుట్టలుగా చేరింది. గంగాళాలు, అండాలు, సాంబారు గుండిగలు. చిలుము పట్టిన ఆ పచ్చదనం చూసి అడవి ఇటు జరిగిందని దుమ్ముగూడెం నుంచి వచ్చిన ఒక ముసలాయన అనుకున్నాడట. చాచా రోజూ గంగాళాల్లో తిరిగి తిరిగి, సాయంత్రం నేల మీద నిలబడితే కూడా నడుము తిరుగుతూనే ఉండేది. అయినా సగం సామాను కూడా కాలేదు.

నా తేదీ వచ్చింది. అధికారులందరూ పండగ డ్యూటీలోనే ఉన్నారు. నా అంచనా తప్పలేదు. డ్యూటీ ఎక్కడన్నదే అడగడం మరిచాను. ఆ రోజు పైనుంచి ఒక పెద్ద అధికారి రోడ్డు ఏర్పాట్లు చూస్తూ భద్రాచలం పోతున్నాడట. ఏ శాఖ మనుషులు ఆ శాఖ హద్దులో రోడ్డు పక్కన నిలబడి ఉండాలని ఆర్డరట. మూడు శాఖల రోడ్డు, వీధి, అడవి కలిసే చోటు ఊళ్లో ఒకటే కదా. తెల్లారి ఏడింటికే రోడ్ల శాఖ వర్క్ ఇన్‌స్పెక్టరు, అటవీ శాఖ ఫారెస్టరు, మా ఈవో గారు చాచా గుంత చుట్టూ ఇస్త్రీ బట్టల్లో నిలబడి ఉన్నారు. జీపు పదకొండింటికి గానీ రాదు. నాలుగు గంటలు, ముగ్గురు అధికారులు, చేయడానికి ఏమీ లేదు. అంతకన్నా ప్రమాదకరమైన స్థితి ప్రభుత్వంలో ఇంకోటి లేదు.

"మీ గుమాస్తా రాసిన ఉత్తరం ఇదేనా?" అంటూ వర్క్ ఇన్‌స్పెక్టరు జేబులోంచి తీశాడు. నా దస్తూరీ దూరం నుంచే గుర్తుపట్టాను.

టేపు పెట్టారు. మా ఈవో గారు ఒక కొన, ఫారెస్టరు ఒక కొన. అందరూ కొట్టుకుంటారని నేను ఆశగా చూశాను. కొట్టుకున్నారు కూడా, కాకపోతే తలకిందులుగా.

"గుంత మీ అంచులోకే వస్తోందండీ," అన్నాడు ఈవో.

"మాకెందుకండీ? గొట్టమే మాది, గుంత మీదే," అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టరు.

"గుంజ తప్ప మాకేం సంబంధం లేదు. గుంజ కూడా పాతది, కొట్టివేతకు రాసినం," అన్నాడు ఫారెస్టరు.

చాచీ తిత్తి ఆపి, చేతులు కట్టుకుని చూసింది. "సూడున్రి సూడున్రి. ఎవల్దిగాదంట! మరి మాదే అనుకుంటం, పొయ్యి రాజేయమంటరా?"

ఆ మాటకి ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు బాగా గుర్తు, అప్పుడే గాలి మారింది. ఎవరిదీ కాకపోతే ఎవరు పూడ్చినా అడిగేవాడు లేడు అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టరు. రోడ్డు గుంతలు పూడ్చడానికి తెచ్చిన మొరం బండి అక్కడే ఉంది. గ్యాంగు మనుషులు బీడీలు కాలుస్తూ కూచున్నారు. ముగ్గురికీ టీ వచ్చే లోపల గుంత నిండింది. టీ తాగే లోపల దిమ్మిస కొట్టారు. మూడు శాఖలు చేయి కలిపితే ఎంత వేగంగా పని అవుతుందో ఆ రోజు చూశాను. మళ్లీ చూడలేదు.

చాచా అడ్డుపడలేదు. మొరం పోసేటప్పుడు వంగి గొట్టం లాక్కున్నాడు, అంతే. అది ఇంకా వేడిగా ఉండి చేయి కాలింది. నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను భోజనం చేసేవాణ్ణి.

"ఉత్తరాలు ఆగినయ్ సాబ్," అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు వరండాలో పిడుగు పడింది. నిజం పిడుగు కాదు, ఇత్తడి. హోటలు యజమాని ఎడ్లబండి మీద సామాను మొత్తం వేసుకొచ్చి మా మెట్ల మీద కుమ్మరించాడు. గంగాళం ఒకటి దొర్లుకుంటూ లోపలికొచ్చి నా బల్ల దగ్గర ఆగింది.

"ఇదిగో మీ నోటీసు," అని ఎడమ బల్ల మీద కొట్టాడు. "కళాయి వేయించకపోతే హోటలు మూస్తామన్నారు. వేసేవాణ్ణి పొద్దున మీరే పూడ్చారు. ఇక మీరే వేయండి కళాయి. రాత్రికి రెండొందల మంది బందోబస్తు వాళ్లకి సాంబారు కాయాలి. దేంట్లో కాయను? మీ బీరువాలో కాయనా?"

మా హెల్త్ ఇన్‌స్పెక్టరు సన్నటి, నిజాయితీ గల మనిషి. గంగాళంలో వేలు పెట్టి, పచ్చగా వచ్చిన వేలు చూసి, "దీంట్లో కాయనివ్వను సార్, నా ఉద్యోగం పోయినా సరే," అన్నాడు. రెండొందల మంది పోలీసులు ఆకలితో రోడ్డు మీద ఉండటం ఎట్లా ఉంటుందో ఈవో గారు ఊహించుకున్నాడు. ఆయనకి చెమట పట్టడం నేను మొదటిసారి చూశాను. ఇంకా తడి మిగిలుందన్నమాట.

"ఆ చాచాని పిలవండి. గుంత మళ్లీ తవ్వమనండి."

"అక్కడా సార్? పొద్దున్నే దిమ్మిస కొట్టారు, జీపులో వచ్చిన పెద్దాయన చూసి బాగుందని చెప్పి కూడా పోయాడు," అన్నాను. "అది కదిలిస్తే రోడ్ల శాఖ ఊరుకోదు. మన కాలవ గట్టు ఇంకెక్కడ తవ్వినా ఎవరో ఒకరి వాకిలి."

అటెండరుతో కలిపి నాలుగు ముఖాలు నా వైపే చూశాయి. అప్పుడు నాకు రెండోసారి తెలివి వచ్చింది. కిటికీలోంచి పెరడు కనపడుతోంది. విరిగిన చెత్తబండి, పిచ్చి తుమ్మ, ఖాళీ నేల. హద్దుల తగాదా లేని, ఏ శాఖకీ ఉత్తరం రాయక్కర్లేని, నూటికి నూరుపాళ్లు పంచాయతీ నేల.

"మన పెరట్లో తవ్విద్దాం సార్."

చాచా వెంటనే ఒప్పుకున్నాడు. చాచీ ఒప్పుకోలేదు. కొంగు నడుముకి బిగించి ఈవో గారి గుమ్మంలో నిలబడింది.

"పండుగైనంక మళ్ల పూడుస్తరు. నాకెర్క. కాగితం రాసియ్యున్రి. గీడ కూసుంటే ఎవ్వలు లేపరని రాసియ్యున్రి. లేకపోతే మీ సాంబారు మీరే తాగున్రి."

ఈవో గారు నా వైపు చూశాడు. నేను రాశాను. సదరు వ్యక్తి పంచాయతీ కార్యాలయ ఆవరణలో, తదుపరి ఉత్తర్వుల వరకు, కళాయి పని చేసుకొనవచ్చును. 'తదుపరి ఉత్తర్వుల వరకు' అన్న ముక్క చేయి అలవాటు కొద్దీ రాసింది. మేము అది లేకుండా ఏదీ రాయం. చాచీ చదువుకోలేదు. కాగితం మడిచి, పాన్‌దాన్లో పెట్టుకుంది.

గంటలో గుంత తయారైంది. పట్టుకోవడానికి గుంజ లేకపోతే చాచా నా కిటికీ ఊచలు పట్టుకున్నాడు. అట్లా ఆ సాయంత్రం ఊరి ఆరోగ్యం నా ఎడమ బల్లకి మూరెడు దూరంలో నడుము తిప్పుతూ నిలబడింది. పోలీసులు సాంబారు తాగారు. కల్యాణం జరిగింది. ఎవరికీ కడుపు నొప్పి రాలేదు, నవసాగరం పొగకి నాకు తప్ప.

పదేళ్ల పైనే చాచా ఆ పెరట్లో ఉన్నాడు. పెద్ద ఘనకార్యం చేశానని చాలాకాలం లోపల పొంగిపోయాను. తర్వాత తర్వాత గమనించాను. అయిదింటికి గేటు వేస్తే ఆయన నిప్పు కూడా ఆర్పాలి. ఆదివారం, రెండో శనివారం, పెద్దమనుషులు పోయిన సెలవులు, అన్నీ ఆయనకీ సెలవులే. అడవి పల్లెల ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని గేటు దాకా వచ్చి, లోపల టేబుళ్లు, కాగితాలు చూసి, ఏం పన్ను అడుగుతారోనని వెనక్కి పోయేవాళ్లు. మూలన కూచున్నప్పుడు బస్సు దిగినవాడల్లా ఆయన్ని చూసేవాడు. ఇప్పుడు చూసేది నేనొక్కణ్ణే. నా లోటాకి ఎన్నిసార్లు కళాయి వేశాడో, చివరికి ఇత్తడి కన్నా తగరమే ఎక్కువైంది.

"గుమాస్తా సాబ్ మమ్మల్ని నౌకరీల పెట్టిండు, జీతం మాత్రం మరిచిండు," అనేది చాచీ తిత్తి నొక్కుతూ.

తొంభైల్లో కొత్త బిల్డింగు మంజూరైంది. కొత్త ఈవో గారొచ్చాడు, కుర్రవాడు, ఇంకా ఆవిరి కానివాడు. సున్నం చల్లి ముగ్గు వేయించాడు. ఒక పిల్లర్ సరిగ్గా గుంతలోంచి లేవాలి.

నేను కుడికి తిరిగాను. నోటీసు ఫారం తీశాను. కనీసం ఏడు రోజులు, ఆ తర్వాత ఒక జవాబు, ఆ తర్వాత ఒక విచారణ. కలం మూత కూడా తీశాను.

"అదేంటండీ?" అన్నాడు ఆయన.

"నోటీసు సార్."

"మన స్థలంలో మన గుంతకి మనమే నోటీసు ఇచ్చుకుంటామా? తదుపరి ఉత్తర్వుల వరకు అని మీరే రాశారు కదా. ఉత్తర్వు ఇదిగో." ఒక్క లైను రాసి సంతకం పెట్టాడు. 

ఆయన తప్పేమీ లేదు. నేను రూల్సు మొత్తం తిరగేశాను, ఎవరికైనా ఉత్తరం రాయడానికి దారి దొరుకుతుందేమోనని. రోడ్ల శాఖకి ఏమని రాయను? అటవీ శాఖకి ఏమని రాయను? మూడు ఆఫీసుల మధ్య ఉన్నన్నాళ్లు ఆయన్ని లేపడానికి మూడు ఆఫీసులూ ఒప్పుకోవలసి వచ్చింది. నేను తెచ్చి ఒక్కరి చేతిలో పెట్టాను. ఆ మధ్యాహ్నం నా ఒళ్లు అంతకుముందు ఎప్పుడూ అలవనంత అలిసింది. కూచుని అలిసిపోవడం గుమాస్తాలకే తెలుసు.

చాచీ పాన్‌దాన్ లోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. "ఇండ్ల ఏం రాసిందో ఇప్పుడన్న సదివి చెప్పు భయ్యా," అంది. 

చదివాను. ఆఖరి ముక్క దాకా చదివాను. ఆమె కాగితం మళ్లీ మడిచి పాన్‌దాన్లోనే పెట్టుకుంది.

మూడో రోజు పొద్దున ఆఫీసుకు పోతూ చూస్తే, చాచా పాత మూలన చతికిలబడి నేల గీరుతున్నాడు. గడ్డం ఇప్పుడు పసుపు నుంచి తెలుపుకి తిరిగింది. హోటళ్లలో స్టీలు సామాను వచ్చేసింది. అయినా పెళ్లిళ్ల గంగాళాలు, అడవి పల్లెల బిందెలు ఇంకా ఉన్నాయి, అవి చాలంటాడు. కొట్టివేతకు రాసిన గుంజ అక్కడే ఉంది. దాని పక్కన టెలిఫోన్ వాళ్లు కొత్తగా ఒక స్తంభం పాతారు. మా కాలవ మీద సిమెంటు పలక పడింది, ఆ పలక ఏ స్కీములో ఎవరు వేశారో మా రికార్డులో లేదు.

"సాబ్," అన్నాడు తల ఎత్తకుండానే. "ఇప్పుడు గిది ఎవలిది?"

నేను నిలబడి, అటూ ఇటూ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టాను. "అప్పుడు ముగ్గురు. ఇప్పుడు నలుగురు ఉన్నట్టున్నరు చాచా."

"మంచిదే," అన్నాడు. గొట్టం తీసి నేలలో పెట్టాడు. చాచీ తిత్తి కట్టు బిగించింది.

ఆఫీసుకు పోయి ఊగే కుర్చీలో కూచున్నాను. ఎవరూ అడక్కముందే, మాది పోను మిగతా మూడు శాఖలకి మూడు ఉత్తరాలు రాశాను. సదరు స్థలము తమ పరిధిలోనిదా, కాదా, తెలియజేయ ప్రార్థన. జాయింట్ ఇన్‌స్పెక్షన్ మాట మాత్రం ఎక్కడా రాయలేదు.